చెవి పక్కన గాలికంత

నాకు చలి అంటే చిన్నప్పటి నుంచి పడదు. ఆ పడకపోవడమే ఒక పొద్దున ఇద్దరి ప్రాణాల మీదికి తెచ్చింది.

చిన్న విమానంలో కూర్చుని నేలను ఫొటోలు తీయడం నా ఉద్యోగం. అడవి ఎంత మిగిలిందో, గనులు ఎక్కడిదాకా తవ్వారో మ్యాపులు గీసేవాళ్లకు అవి కావాలి. ఆ చలికాలం మణుగూరు వైపు పని పడింది. నేను పుట్టి పెరిగిన బొగ్గుగనుల కాలనీ అక్కడే. విజయవాడలో లేచి గంటసేపు ఎగిరితే మా అడవి వస్తుంది. విమానంలో ఇద్దరమే: నేనూ, పైలట్‌గా మధిర వైపు పెద్దాయనా.

పైన చలికి పళ్లు టకటకలాడాయి. బయటిగాలి వచ్చే కంత సరిగ్గా నా చెవి పక్కనే ఉంది, దాని మూతేమో వదులు. హీటర్ పెట్టమంటే ఆయన నవ్వుతూ మీట లాగారు. ఇంజను పొగ పోయే సైలెన్సర్ వేడికి గాలిని కాచి లోపలికి వదలడమే ఆ విమానంలో హీటరంటే. కాళ్లు వెచ్చబడ్డాయి గానీ చెవి మాత్రం జివ్వుమంటూనే ఉంది. విసుగొచ్చి నా చేతిరుమాలు ఉండచుట్టి ఆ కంతలో కుక్కేశాను. ఆయన చూడలేదు.

కాసేపటికి తలనొప్పి మొదలైంది. టిఫిన్ తినకుండా ఎక్కినందుకేలే అనుకున్నాను. ఇంతలో తిరగాల్సిన చోట విమానం తిరగలేదు.

"సార్, టర్న్ దాటిపోయినం."

"ఆఁ... దాటామా అమ్మా..." అన్నారాయన. నాలుక మందంగా పలికింది. రెప్పలు వాలిపోతున్నాయి.

ఆయన ముందు అతికించిన చిన్న అట్ట వైపు అప్పుడు చూశాను. ఇంజను పొగలోని విషగాలి తగిలితే దాని మధ్యలోని నారింజ చుక్క నల్లబడాలి. నల్లబడి ఉంది. కింద అడవి, గోదావరి, దిగడానికి జానెడు చోటు లేదు.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చలికాలం సాయంత్రాలు కాలనీ క్వార్టర్లో బొగ్గు కుంపటి లోపలికి తెచ్చేది. తలుపు మూసుకుపోకుండా సందులో సన్నికల్లు పొత్రం అడ్డం పెట్టేది. "సలైతే ఇంకో దుప్పటి కప్పుకో బిడ్డా, తలుపు మాత్రం ముయ్యకు. బొగ్గు గాలి సప్పుడు జెయ్యకుండ సంపుతది." ఆమె వంటింట్లోకి పోగానే నేను కాలితో పొత్రాన్ని నెట్టి తలుపు మూసేదాన్ని. కిటికీ పై అద్దం ఒకటి ఎప్పుడూ పగిలే ఉండేది, అందులోంచీ చలే. బాగుచేయించని నాన్న పిసినారితనాన్ని తిట్టుకునేదాన్ని.

"సార్, హీటర్ బంద్ చెయ్యండి! కిటికీ తియ్యండి!" అని అరిచాను. ఆయన చెయ్యి వేరే మీట మీదికి పోయింది. నేనే వంగి హీటర్ ఆపి, ఆయన పక్క కిటికీ రెక్క తోసి, కంతలోంచి రుమాలు పీకాను. గాలి మొహాన కొట్టింది. ఆయన విమానాన్ని విజయవాడ వైపు తిప్పారు, ఇంకా గంట ప్రయాణం. ఆయన నిద్రపోతారేమోనని మనవరాళ్ల గురించి, మామిడితోట గురించి అడుగుతూనే ఉన్నాను. జవాబు ఒక్క క్షణం ఆలస్యమైతే భుజం పట్టి కుదిపేదాన్ని.

ఎలాగో దిగాం. సైలెన్సర్‌కి వెంట్రుకంత పగులు ఉందని, అందులోంచే పొగ హీటర్ గాలిలో కలిసిందని మెకానిక్ చూపించాడు. ఇద్దరినీ దవాఖానాలో ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టారు. పక్క మంచం మీంచి పైలట్ నాకు చేతులు జోడించారు. "నువ్వు చూడకపోతే అడవిలో కలిసిపోయేవాళ్లం తల్లీ." రుమాలు నా గుప్పిట్లోనే ఉంది. ఆ చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాను.

సాయంత్రం వరండాలోకి వచ్చి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చిన్నప్పుడు తలుపు మూసింది నేనేనని కూడా చెప్పాను.

"అవ్, నాకెరుకే," అంది అమ్మ. "నువ్వు మూస్తవని ఎరుకయ్యే ఆ కిటికీ అద్దం పగలగొట్టిన. మీ నాయన బాగు జేపిస్తనంటే కూడ వద్దన్న."

ఫోన్ పెట్టేశాను. పైన మా ఇద్దరికీ పగిలిన అద్దం ఆ కంతే, దాన్నీ నేనే మూసేశాను. లోపలికి వెళ్లి పైలట్ మంచం పక్కన కూర్చుని, గుప్పిట తెరిచి రుమాలు చూపించాను.