పగడపు కొమ్మ మీద గుడ్లు

నీళ్లలో దిగడం మానేసినా వీధిలో అందరూ ఆయన్ని గజఈతగాడనే పిలుస్తారు. పగడపు కొమ్మల సందుల్లో నక్కే, చిటికెన వేలంత కూడా లేని పసుపుపచ్చ చేపల్ని పట్టి పెంపుడు చేపలు అమ్మే దుకాణాలకు ఇవ్వడం అప్పట్లో ఆయన బతుకుతెరువు. ఒకసారి లోతుకు దిగినప్పుడు కర్ణభేరి చిరిగింది. మళ్లీ దిగితే ఆ చెవి మీద ఆశ వదులుకోమని డాక్టరు తేల్చి చెప్పాడు. వల బావమరిది చేతికి పోయింది.

కొన్నాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు. అమ్మకుండా ఇంట్లో అద్దాల తొట్టెలో మిగిలిపోయిన చేపల జంటను చూస్తుండగా, వీటి చేత ఇంట్లోనే గుడ్లు పెట్టిస్తేనేం అని తోచింది. ఇల్లంతా ఉప్పునీళ్ల పాలు చేశారని భార్య సణిగింది గానీ, నీళ్లలో ఉప్పు పాళ్లు చూడడం ఆవిడే ముందు నేర్చుకుంది.

చేపలు తొట్టెలో ఉంచిన పగడపు కొమ్మ చుట్టూ గుడ్లు పెట్టాయి. మగచేప కదలకుండా కాపలా కాసింది. వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు పుట్టాయి, పుట్టినట్టే పోయాయి. మళ్లీ పెట్టాయి, మళ్లీ పోయాయి. సముద్రం చేసే పని మా బావ గదిలో చేస్తాడట అని బావమరిది ఊరంతా చెప్పి నవ్వించాడు.

ఆయన మాత్రం పట్టు వదల్లేదు. భూతద్దం తెచ్చి చూస్తే, మేతగా వేస్తున్న నీటిపురుగులు పిల్లల నోటికంటే పెద్దగా ఉన్నాయి. ఆయన ఆ సంగతి చెప్పగానే భార్య పాత పట్టుగుడ్డ ఒకటి వెతికి తెచ్చింది.

"చంటిపిల్లకి అన్నం మెత్తగా పిసికి పెడతాం కదండీ. వీటికీ అంతే. వడగట్టి, కిందికి దిగిన సన్నవే వేద్దాం."

ఈసారి పిల్లల పొట్టలు నిండాయి. చాలా పోయినా, బతికినవి పసుపురంగుకు తిరిగాయి. ఆయన తొట్టె పక్కకు కుర్చీ లాక్కుని అన్నం కూడా అక్కడే తిన్నాడు.

ఒకనాటి మధ్యాహ్నం బావమరిది ఖాళీ వలతో వచ్చాడు. చేపల కోసం అందరూ కొమ్మలు విరిచేశారని, సముద్రంలో పగడపు దిబ్బ బోసిపోయిందని చెప్పాడు. తొట్టె ముందు వంగి పిల్లల్ని చూశాడు.

"బావా, నాకూ నేర్పుతావా?"

"ఊడిగం ఎక్కువ, పేరు తక్కువ. విసుక్కోవు కదా?"

"నవ్విందానికి ఆ మాత్రం చెయ్యనా?"

ఇప్పుడు ఆ చుట్టుపక్కల దుకాణాలకు పసుపుపచ్చ చేపలు ఈ గదినుంచే వెళ్తున్నాయి. మొన్న బావమరిది వల లేకుండా ఉత్త చేతులతో దిబ్బ దాకా ఈదివెళ్లాడు. కొత్తగా మొలిచిన కొమ్మలో ఒక జంట కనిపించిందట. ఎక్కడన్నది అక్కకూ బావకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.