కోరుట్లలో పది నిమిషాలు

కరీంనగర్ నుంచి వారానికొకసారి ముంబై వెళ్లే రైలు గురించి మస్కట్‌లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని మేముండే హమ్రియా పేటలో ఎవరినడిగినా చెబుతారు. అలా చెప్పమని నేనే అందరికీ చెప్పి ఉంచాను. ఆ బండిలో నలభైసార్లు తిరిగానని, గార్డు నన్ను చూస్తే లేచి నిలబడతాడని మా రూమ్‌లో ప్రచారం. నిజానికి ఎక్కింది ఒక్కసారి. అదీ దారిపొడుగునా పడుకున్నాను.

మా రూమ్‌లో కొత్తగా చేరిన కోరుట్ల మేస్త్రీకి కంపెనీ మెస్ కూడు గొంతు దిగడం లేదు. మనిషి సగమయ్యాడు. ఉద్యోగం వదిలేసి ఇంటికి పోతానని ఒకటే పాట. అప్పుడే మా రూమ్‌లో ఉండే ఎలక్ట్రీషియన్ ఊళ్లో సెలవు ముగించుకుని, ముంబైలో మస్కట్ విమానం ఎక్కడానికి ఆ రైల్లో బయల్దేరాడు. కోరుట్ల స్టేషన్లో మేస్త్రీ తల్లి అతనికి మామిడికాయ తొక్కు అందించాలి.

“కాకా, బండి ఆడ ఎంతసేపు ఆగుతది?” అని మేస్త్రీ నన్నడిగాడు.

“పది నిమిషాలు. మీ అమ్మను లోపలికెక్కి సీటు కింద తన చేత్తోనే పెట్టమను.”

శుక్రవారం సాయంత్రం, డ్యూటీ లేదు. అందరం మేస్త్రీ ఫోన్ చుట్టూ మూగాం. వీడియోలో రైలు సీట్లో ఎలక్ట్రీషియన్, పక్కన తొక్కు డబ్బాతో మేస్త్రీ తల్లి.

“నూనె కారుతది బిడ్డా, నిలువుగ వెట్టు, ఒరగనియ్యకు...”

ఆమె చెబుతుండగానే కిటికీలోంచి స్టేషన్ బోర్డు జరిగిపోయింది.

“అమ్మా, దిగు!” అన్నారు సగం మంది. “దిగకు!” అన్నారు మిగతా సగం. నేను రెండూ అన్నాను. ఆమె దిగలేదు.

“కాకా, పది నిమిషాలంటివి గద!” మేస్త్రీ నా భుజం పట్టి ఊపాడు.

“ఇంజన్ నడిపేటోడు కొత్తోడున్నట్టుంది...”

“ఎవడురా ఆ పది నిమిషాల మొనగాడు? ఫోన్ ఇయ్యి వానికి!” అవతల తల్లి గర్జించింది. “నీ నోట్ల మన్నువడ! టికెట్ లేకుంట రైలెక్కిస్తివి. టీసీ వస్తే నిన్నే సూపెడ్త!”

“అక్కా, ఆ బండి ఆడ ఎంత ఆగుతదో నాకు తెల్వదు. ఆ రోజు నేను పండుకున్న.”

ఇంత చిన్న నిజం చెప్పడానికి ఇంత కష్టపడతానని అనుకోలేదు.

టీసీతో మాట్లాడి తర్వాతి స్టేషన్ మెట్‌పల్లిలో దింపుతానని ఎలక్ట్రీషియన్ ధైర్యం చెప్పాడు. దాంతో ఆమె స్థిమితపడి ఫోన్‌ను కిటికీ వైపు తిప్పింది.

“అరేయ్, మన పసుపుచేను రైల్లకెల్లి గిట్ల గనవడ్తది సూడు! అగో, ఒడ్డుమీద నీ తమ్ముడు. నీళ్లు వెట్టమంటే పండుకున్నడు!”

మేస్త్రీ పగలబడి నవ్వాడు. వచ్చాక అతని పళ్లు చూడటం మాకు అదే మొదలు.

మెట్‌పల్లిలో ఆమె క్షేమంగా దిగి, రైలు కదిలాక చెయ్యి ఊపింది. తొక్కు డబ్బా ఆమె చంకలోనే ఉంది.

రూమ్ అంతా నా వైపు తిరిగింది.

“తొక్కేగా? నా చేతి తొక్కు కోసం దుబాయ్ నుంచి వస్తరు,” అన్నాను.

మేస్త్రీ తన తల్లికి మళ్లీ ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. “కోతలు గొయ్యకు కాకా. అమ్మను అడిగి జెయ్యి.”

తిరుగు బస్సు కోసం నిలబడే ఆమె చెప్పింది, నేను మామిడికాయలు తరిగాను. ప్రతి చెంచా కారానికీ ఒక తిట్టు పడింది. ఆ పూట మేస్త్రీ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

కాదు, రెండుసార్లే. కానీ పళ్లెం కడిగినట్టు తుడిచాడు.