ఫారంలో అడగని గొళ్ళెం

ఈరోజు స్నేహితురాలి మాట కాదనలేక సత్యవేడులో ఒక కుట్టు సెంటరుకు వెళ్ళాను. అక్కడి ఆడవాళ్ళు నూలుగుడ్డ సంచులు కుడతారు. కుట్టేవాళ్ళను న్యాయంగా చూస్తున్నారని చెప్పే ఫెయిర్ ట్రేడ్ సర్టిఫికెట్ ఉంటేనే ఇకపై ఆర్డరు ఇస్తానందట, వాటిని కొనే విదేశీ కంపెనీ. ఇంగ్లీషు ఫారం చదివి, వాళ్ళ జవాబులు రాయడం నా పని.

"మరుగుదొడ్డి ఉందా?" అని అడిగాను.

"ఉండాదక్కా. గొళ్ళెమే లేదు. ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాల" అంది మునెమ్మ, మిషను ఆపకుండానే.

"ఓనరుకు చెప్పలేదా?"

"శానాసార్లు చెప్పినాం. సూస్తాలే, సూస్తాలే అంటాడు."

నా పెన్ను ఆగిపోయింది. మునెమ్మ మిషను కూడా ఆగింది.

"ఏందక్కా అంత ఆలోచన? గొళ్ళెం ఉండాదా అని అడిగినారా వాళ్ళు? లేదు కదా! టిక్కు కొట్టు. ఆర్డరు పోతే మేం యాడికి పోవాల?"

కొట్టాను. కానీ మనసొప్పక, బస్టాండు దగ్గర కొట్లో గొళ్ళెం కొని తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

"ఇంగ నీ టిక్కు నిజమేలే!" అని నవ్వింది.

తిరుపతి బస్సెక్కాక మళ్ళీ సందేహం మొదలైంది. తనిఖీకి వచ్చేవాళ్ళు ఆ కొత్త గొళ్ళెం చూసి ఓనరునే మెచ్చుకుంటారు. ఇంతకీ నేను సాయం చేసింది మునెమ్మకా, ఆయనకా? మీరైతే ఆ గడిలో ఏం రాసేవారు?