నిద్రపోయేరా అండీ

నా కిడ్నీలు పాడయ్యాయని డాక్టరుగారు చెప్పినప్పుడు నేను ఏడవలేదు. ఇకమీదట కొబ్బరిబోండాం తాగకూడదన్నప్పుడు ఏడ్చాను. ఆయన కంగారుపడి నా భర్త వైపు చూశారు. రాజోలులో పుట్టి, రాజోలులోనే టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని బోండామూ వద్దు, అరటిపండూ వద్దు, మంచినీళ్ళు కూడా గ్లాసుతో కొలుచుకుని తాగు అంటే ఇంకేం చేస్తుంది? మర్నాడు చర్చి నుంచి పరామర్శకు వచ్చినవాళ్ళు ఒక అరటిపళ్ళ అత్తం, ఒక బోండాల గెల తెచ్చి వరండాలో పెట్టారు. ప్రార్థన మాత్రం బాగానే చేశారు. వాళ్ళు వెళ్ళాక ఆ గెల వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

వారానికి మూడుసార్లు అమలాపురం వెళ్ళి డయాలసిస్ మిషను పక్కన పడుకోవడం కొన్నాళ్ళకి అలవాటైంది. అలవాటు కానిది రాత్రి. ఒళ్ళంతా దురద. గోకితే ఆగదు, గోకకపోతే ప్రాణం నిలవదు. కాళ్ళు వాటంతటవే లాగేస్తుంటాయి, లేచి నడిస్తేనే ఊరుకుంటాయి. నాలుక పిడచకట్టుకుపోతుంది. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్న సామెతని ఎన్నేళ్ళు పిల్లలకి పాఠం చెప్పానో! ఆ సామెత పుట్టించినవాడికి కిడ్నీలు రెండూ బాగున్నాయని ఇప్పుడు తెలిసింది. మా ఆయన మంచివాడే, కానీ దిండు మీద తల వాలిస్తే ఇల్లు కూలినా లేవడు. ఆ గురక వింటుంటే ఒక్కోసారి అసూయతో కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

అసలు సంగతి దురదా కాదు, కాళ్ళూ కాదు. భయం. అమలాపురంలో నా పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే ఒకావిడ, ములక్కాడలు తినొచ్చా తినకూడదా అని నాతో వాదించి, వాదన తేలకుండానే ఇంటికి వెళ్ళి ఆ రాత్రి నిద్రలో పోయింది. "అదృష్టవంతురాలు, హాయిగా నిద్రలో పోయింది" అన్నారు అందరూ. అన్నవాళ్ళెవరూ రోగులు కారు. ఆ రోజు నుంచి నాకు కళ్ళు మూయాలంటే భయం పట్టుకుంది. కునుకు పడుతున్నట్టనిపిస్తే చాలు, ఎవరో తోసినట్టు ఉలిక్కిపడి లేచి కూర్చునేదాన్ని.

అలాంటి రోజుల్లో నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చారు. మండపేటలో రైస్ మిల్లు లారీ తోలి, కిడ్నీలు పోయి బండి దిగిపోయిన ఒకతను మొదలుపెట్టిన గ్రూపు. మా చుట్టుపక్కల ఊళ్ళ డయాలసిస్ వాళ్ళే అందులో అందరూ. దానికతను పెట్టిన పేరు "బోండాం బ్యాచ్". పేర్లతో పిలుచుకోవడం ఎందుకో అలవాటు కాలేదు. ఎవరి ఊరు వాళ్ళ పేరు. అతను మండపేట గారు. నేను రాజోలు టీచరుగారు. ఇంకొకాయన ఉప్పలగుప్తం గారు.

ఈ ఉప్పలగుప్తం గారిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆయనది వేరే ఆసుపత్రి. వయసులో ఉండగా వేటకి వెళ్ళే బోటు మీద పనిచేశారట, తరువాత రొయ్యల చెరువు కౌలుకి చేసుకున్నారట. ఆయన టైపు చేసేది తక్కువ, వాయిస్ మెసేజీలే ఎక్కువ. ముందు ఒక దగ్గు, దాని వెనకాల దూరంగా చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోత, ఆ తరువాత మాట. చేరిన కొత్తలో నేను విన్న మొదటి మెసేజీ ఇది: "ఉప్పు మానెయ్యమన్నారండి డాక్టరుగారు. మా ఊరి పేర్లోనే ఉప్పుందండి. ఊరు ఖాళీ చేసి పొమ్మంటారాండీ అని అడిగేను. ఆయన నవ్వలేదండి. ఆయనకి బీపీ అనుకుంటానండి."

జబ్బు పడ్డాక నేను నవ్వడం అదే మొదలు. పక్కన మా ఆయన లేస్తాడేమోనని చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. లేవడని తెలిసి కూడా.

మండపేట గారు ఏమీ తీసిపోయినవాడు కాదు. మిషను ఎక్కే ముందు, దిగాక మమ్మల్ని బరువు చూస్తారు, ఒంట్లో చేరిన నీళ్ళెన్నో తెలియడానికి. "జీవితమంతా ధాన్యం లారీని కాటా మీదకి ఎక్కించేనండి, ఇప్పుడు నన్నెక్కిస్తన్నారు. లోడుతో వెళ్తన్నాను, అన్‌లోడై వస్తన్నాను. కిరాయి మాత్రం ఎవరూ ఇవ్వట్లేదండి" అనేవాడు.

మా గ్రూపులో "ఎలా ఉన్నారు" అని ఎవరూ ఎవర్నీ అడగరు. దానికి బదులుగా ఒక మాట ఉండేది. దాన్ని మొదలుపెట్టింది ఉప్పలగుప్తం గారే. ఊరంతా పడుకున్నాక ఆయన గ్రూపులో అడిగేవారు, "నిద్రపోయేరా అండీ?" అని. అందుకు మేలుకుని ఉన్న ప్రతివాళ్ళూ "ఆయ్" అని పెట్టాలి. మా వైపు వాళ్ళకి "ఆయ్" అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అవునండీ అన్నా అదే, చిత్తమండీ అన్నా అదే, వింటున్నానండీ అన్నా అదే. నిద్రపోయేరా అంటే "ఆయ్, నిద్రపోయేనండి" అని మేలుకుని ఉన్నవాళ్ళు జవాబివ్వడం మా వేళాకోళం. వరసగా ఆయ్, ఆయ్, ఆయ్ అని తెర మీద పడుతుంటే, ఇంతమంది నిద్రపోయిన గ్రూపు ప్రపంచంలో ఇంకెక్కడా లేదనేవాడు మండపేట గారు. జవాబు రాకపోతే ఆ మనిషి నిజంగానే నిద్రపోయినట్టు. అప్పుడు ఉప్పలగుప్తం గారు, "ఫలానావారు పాసైపోయేరండి" అని ప్రకటించేవారు.

నేను ఎప్పుడూ పాసయ్యేదాన్ని కాదు. అది ఆయన కనిపెట్టారు. ఒక రాత్రి నాకు విడిగా మెసేజీ పెట్టారు. "టీచరుగారూ, మీది నిద్ర పట్టకపోవడం కాదండి. మీరు పట్టనివ్వట్లేదండి." ములక్కాడలావిడ సంగతి అప్పుడు ఆయనకి చెప్పాను. అప్పటిదాకా మా ఆయనకి కూడా చెప్పలేదు.  దానికి ఉప్పలగుప్తం గారు పంపిన మెసేజీ నా ఫోనులో ఇప్పటికీ ఉంది.

"చెరువు దగ్గర రాత్రి కాపలా ఎలాగుంటాదో తెలుసాండీ? ఏరేటర్లు ఆడుతున్నంతసేపూ మేం నిద్రపోతామండి. ఆ మోత ఆగిందనుకోండి, అప్పుడు దిగ్గున లేస్తామండి, గాలాడక రొయ్య పోద్దని. మీ చేతిలో కూడా మోటారుంది కదండీ. దాని మీద చెవి పెట్టుకుని పడుకోండి. మిగతాది నేను చూసుకుంటాను. నేనెలాగూ మేలుకునే ఉంటానండి, నేను కాపలా."

ఆయన మోటారు అన్నది ఫిస్టులాని. మిషను సూదులు గుచ్చడానికి మా చేతిలో రక్తనాళాలు రెండు కలిపి కుడతారు. అక్కడ ఎప్పుడూ ఝుమ్మని ఒక మోత ఉంటుంది. చెవి ఆనిస్తే వినిపిస్తుంది. అది ఆడుతున్నంతకాలం మాకు దారి ఉన్నట్టు. ఆ రాత్రి చెయ్యి చెవి కింద పెట్టుకున్నాను. ఎక్కడో ఉప్పలగుప్తం దగ్గర ఒక మనిషి నా కోసం కూర్చున్నాడని గట్టిగా అనుకున్నాను. తెల్లవారి పాలబ్బాయి పిలుపుకి మెలకువ వచ్చింది. ఫోను తీస్తే గ్రూపులో ఆయన మెసేజీ: "టీచరుగారు పాసైపోయేరండి. ఎవరూ గోల చెయ్యకండి." దాని కింద అందరూ చప్పట్లు పెట్టారు. పదో తరగతి ప్యాసైనప్పుడు కూడా నాకు అంత సంతోషం వేయలేదు.

అప్పటినుంచి అదే పద్ధతి. నేను "ఇక పడుకుంటానండి" అంటే, ఆయన "పడుకోండి, నేనున్నాను" అనేవారు. ఆయన కూడా రోగే కదా, ఆయనకెవరు కాపలా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. ఒకసారి అడిగితే, "మా ఆవిడుందండి. పక్కనే పడుకుని నా చెయ్యి పట్టుకుంటాది. ఆవిడకి ఫోను గొడవ తెలీదండి, మీరు పెట్టే వాయిస్‌లు వినిపించి, రాసేవి చదివి చెబితే నవ్వుతాదండి" అన్నారు.

ఆ రోజు పొద్దున్న నేను అమలాపురంలో మిషను పక్కన ఉన్నాను. ముందు రాత్రి బాగా నిద్రపోయాను. నేను పాసయ్యానని ఆయన ఎప్పటిలాగే గ్రూపులో చెప్పారు. మామూలుగా పొద్దున్నే ఆయన నుంచి ఏదో ఒక కొంటె మాట వచ్చేది. రాలేదు. సూదులు లేని చేత్తో ఫోను పట్టుకుని, నేనే గ్రూపులో ఆయన్ని ఉద్దేశించి పెట్టాను: "నిద్రపోయేరా అండీ?"

కాసేపటికి జవాబు వచ్చింది. "ఆయ్."

నేను పళ్ళన్నీ కనబడేలా నవ్వే పసుపు బొమ్మ పెట్టాను. మండపేట గారు ఆగుతాడా? "రాత్రంతా కాపలా కాసి పగలు పడుకుంటారాండీ, జీతం కట్" అన్నాడు. ఇంకొకరు "గురక ఇక్కడికి వినిపిస్తందండి" అన్నారు. ఇంకొకరు "లేపకండి, పాపం కలలో బోండాం తాగుతున్నారేమో" అన్నారు. నవ్వే బొమ్మలు తెర నిండా పడ్డాయి. మిషను చూసే నర్సు, "ఏంటి టీచరుగారూ, మాకూ చెప్పండి" అంటే, చదివి వినిపించాను కూడా.

తరువాత ఆయన నెంబరు నుంచే వాయిస్ మెసేజీ వచ్చింది. దగ్గు లేదు. ఏరేటర్ల మోత లేదు. ఆడమనిషి గొంతు.

"అండీ... నేను ఆయన భార్యనండి. ఆయన తెల్లారగట్ల పోయేరండి. నిద్రలోనే పోయేరండి. ఫోను మోగితే పక్కింటి కుర్రాడు చూసి చదివేడండి. నిద్రపోయేరా అని అడిగేరు. ఏం చెప్పాలో తెలీలేదండి. అడిగినప్పుడు పలక్కపోతే బాగోదు కదండీ... ఆయ్ అనమన్నానండి."

మనిషి పోయిన ఇంట్లో, శవం పక్కన కూర్చుని, ఎవరో పలకరించారు కదా అని మర్యాదగా ఆయ్ అని జవాబిచ్చింది ఆ తల్లి. ఆ ఆయ్‌కి మేమంతా పగలబడి నవ్వాం. ఇందులో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. అందుకే ఇంకా ఎక్కువ బాధ. ఒక్కొక్కరే తమ నవ్వే బొమ్మల్ని చెరిపేసుకుంటుంటే "ఈ మెసేజీ తొలగించబడింది" అన్న మాటే వరసగా తెర మీద నిండింది. నాకు ఏడుపు ఆగలేదు. మిషను గంట కొట్టడం మొదలుపెట్టింది. చెయ్యి కదపొద్దని నర్సు భుజం పట్టుకుంది.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన నన్ను ఉప్పలగుప్తం తీసుకువెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి పలకరించగానే, మొహం చూడకుండానే ఆవిడ, "రాజోలు టీచరుగారాండీ?" అంది. ఆమెకీ నేను గొంతే. గోడకి దండ వేసిన ఫొటో ఉంది. ఆయన మొహం అదే మొదటిసారి చూడడం. నేను అనుకున్నంత పెద్దవారు కారు, బాగా సన్నం. మేం కూర్చోగానే ఆవిడ పెరటి వైపు తిరిగి, "టీచరుగారికి ఒక లేత బోండాం కొట్టండర్రా" అని కేకేసింది. వెంటనే నోటి మీద చెయ్యేసుకుంది. నేను ఆవిడ వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆవిడ నా ఒళ్ళో తల పెట్టుకుని గొంతు విడిచి ఏడ్చింది.

"ఆ రాత్రి మీరు పడుకున్నారని గ్రూపులో చెప్పి, ఇక నేనూ పడుకుంటానే అన్నారండి" అంది కాసేపటికి. "నేను చెయ్యి పట్టుకునే ఉన్నానండి. మోత ఎప్పుడు ఆగిందో తెలీలేదండి. నాకు నిద్దరొచ్చేసింది."

 ఆవిడ చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. వెళ్ళేటప్పుడు అలాంటి ఇంట్లో వస్తానని చెప్పకూడదు కాబట్టి, చెప్పకుండానే బయటకు వచ్చాం.

ఆ తరువాత నాకు మళ్ళీ నిద్ర లేదు. పాత భయమే, కాపలా మనిషి లేడు. గ్రూపులో కూడా ఎవరూ ఆ ప్రశ్న అడగడం లేదు. మండపేట గారు కూడా పొద్దున్న పూట ఒక దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాడు.

అలాంటి ఒక రాత్రి వరండాలో నడుస్తుంటే ఫోను వెలిగింది. గ్రూపులో ఉప్పలగుప్తం గారి పేరు, ఆయన నెంబరు. "నిద్రపోయేరా అండీ". నడుస్తున్నదాన్ని అక్కడే ఆగిపోయాను. తరువాత అర్థమైంది, ఆవిడ. ఎవరి దగ్గర నేర్చుకుందో గాని, అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టి ఉంటుంది.

ఎవరూ పలకలేదు. అందరూ మేలుకునే ఉన్నారని నాకు తెలుసు. ఎవరికీ వేళ్ళు రావడం లేదు. నేను "ఆయ్" అని కొట్టాను. పంపలేక చెరిపేశాను. మళ్ళీ కొట్టాను.

"లేదండీ. నేను మేలుకునే ఉన్నాను. మీరు పడుకోండి. నేను కాపలా ఉంటాను."

ఆవిడ దగ్గర నుంచి చాలాసేపటికి జవాబొచ్చింది. "ఆయ్."

నిజంగా పడుకుంటానని అందో, మా బ్యాచ్ భాషలో అందో నాకు తెలియలేదు. కుర్చీ వరండాలోకి లాక్కుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.