కొల్లేటి బంగళాలో దొరబాబు

ఆ రోజుల్లో మా ఇళ్లలో సెలవులకి ఊరెళ్లడమంటే ఏ పెళ్లికో, సువార్త సభలకో వెళ్లి, చాపల మీద పదిమంది మధ్య సర్దుకుని పడుకుని, నడుం నొప్పితో తిరిగి రావడమే. పరాయి చోట ఒక గది తీసుకుని, ఏ పనీ లేకుండా కూర్చోవడానికే మనుషులు ప్రయాణమై వెళతారని తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగానికి చేరాకే నాకు తెలిసింది. తెలిసిన వెంటనే మా మేనత్తని అలా తీసుకెళ్లాలనిపించింది. నన్ను పెంచి చదివించిన మనిషి. పెంటపాడు బళ్లో టీచరుగా రిటైరయ్యాక గడప దాటి ఎక్కడికీ వెళ్లలేదు. కారణం దొరబాబు.

దొరబాబు టర్కీ కోడి. క్రిస్మస్‌కి మేపుదామని అత్తయ్య గుప్పెడంత పిల్లగా తెచ్చింది. వీధి కుక్క కాలు పట్టుకుంటే కట్టు కట్టి, తన మంచం కింద పడుకోబెట్టుకుంది. పెద్దవాడయ్యాక ఆ ఎర్రటి మొహం, ముందుకు పొడుచుకొచ్చిన రొమ్ము, ఎవర్నీ లెక్కచెయ్యని నడక చూసి ఆ పేరు తనే పెట్టింది. ఆ క్రిస్మస్‌కి మేం చేపల పులుసు తిన్నాం. తర్వాతి క్రిస్మస్‌కీ అంతే. (ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది?) ఎక్కడికి రమ్మన్నా అత్తయ్య వాణ్ణి వదిలి రానంటుంది, వాడితో ఎవరు రానిస్తారంటుంది.

ఆకివీడు దాటాక కొల్లేటి గట్టున వెనకటి దొరలు ఎండాకాలం విడిదికి కట్టుకున్న పెంకుల బంగళా ఉంది. మూరెడు మందం గోడలు, చుట్టూ వరండా, దూలాలకి ఇంకా పంకా కొక్కేలు. దాన్ని ఒక చర్చి సంఘపెద్ద చూసుకుంటూ గదులు అద్దెకిచ్చేవారు. నేను ఎస్‌టీడీ బూత్ నుంచి ఆయనకి ఫోన్ చేసి, మాతో ఒక టర్కీ కోడి కూడా ఉంటుందండి, తీసుకురావచ్చాండీ అని అడిగాను. సరిగ్గా అప్పుడే ఒక లారీ హారన్ మోగించుకుంటూ పోయింది. ఆ మోతలోంచి, “నిక్షేపంగా తీసుకురండి బాబూ, అంతకంటేనా” అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. లోకంలో ఇంత మంచివాళ్లుంటారా అనుకుని కళ్లు తుడుచుకున్నాను.

శుక్రవారం సాయంత్రం అంబాసిడర్‌లో దిగాం. వెనక సీటంతా దొరబాబుదే. బంగళా వంటాయన ఎదురొచ్చి, వాణ్ణి చూసి అలాగే నిలబడిపోయాడు. చుట్టూ తిరిగి చూశాడు, రెక్క కింద చెయ్యి పెట్టి బరువు చూశాడు, ఇలాంటి పక్షిని చూసి ఏళ్లయిందన్నాడు. ఏం పెట్టి పెంచారండీ అని అడిగితే, అత్తయ్య తవుడు దగ్గర్నుంచి ఉడికించిన గుడ్ల దాకా మురిపెంగా చెప్పింది. “అందుకేనండీ, ఎంత మెత్తగా ఉన్నాడో” అన్నాడాయన. ఎంత మర్యాదస్థుడో చూశావా అని అత్తయ్య నాతో గుసగుసలాడింది.

పక్క గదిలో గూడెం షావుకారు దంపతులు దిగారు. ద్వారకా తిరుమల దర్శనం చేసుకుని, కొల్లేరు పక్షుల్ని చూసి పోదామని వచ్చారు. శాకాహారులు, మడీ ఆచారం ఉన్నవాళ్లు. వరండాలో దొరబాబు చేసే పనులకి వాళ్లేమంటారోనని భయపడ్డాను. ఆవిడ మాత్రం, వాడు మా గుమ్మం వైపు రాకుండా చూసుకోండి బాబూ, అని ఒక్క మాట అని ఊరుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం వంటింటి వైపు వెళితే వంటాయన మసాలా నూరుతున్నాడు. పెద్ద డేగిసాలు తోమి బోర్లించి ఉన్నాయి. ఏంటండీ విశేషం అన్నాను. సాయంత్రం పెద్దగారు భోజనానికి పది పదిహేనుమందిని పిలిచారట. “మీరు తెచ్చిందే కదండీ విశేషం” అని నవ్వాడు.

అది పెంపుడుది, కొయ్యకూడదండీ అని నసిగాను. నాదేముందండీ, పెద్దగారితో మాట్లాడుకోండి అని మళ్లీ నూరుకోసాగాడు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఎదుటివాళ్లకి కాదు, కూడదు అని చెప్పడం నాకు చేతకాదు. మేనేజరు ఆదివారం రమ్మన్నా అలాగేనండి, ఇంటాయన అద్దె పెంచినా అలాగేనండి. గట్టు మీద అత్తయ్య పడక్కుర్చీలో హాయిగా కునుకు తీస్తోంది. ఆమె పాదాల దగ్గర దొరబాబు. ఆమెకి చెప్పడానికీ నోరు రాలేదు. స్నానాల గదిలో తలుపేసుకుని, అద్దంలో చూసుకుంటూ, “వీల్లేదండి” అనడం సాధన చేశాను. ప్రతిసారీ చివర్న “అలాగేనండి” అన్నట్టే వినపడింది.

ఎండ తగ్గాక పెద్దగారి జీపు, వెనకే పిలిచినవాళ్లూ వచ్చారు. ఇస్త్రీ బట్టలు, కొత్త చీరలు. ఆయన వరండాలో అందర్నీ నిలబెట్టి కళ్లు మూసుకుని, ఈ సోదరి ప్రేమతో తెచ్చిన మంచి కానుక కోసం వందనాలు ప్రభువా అని ప్రార్థించారు. దొరబాబుకి ఇంత గౌరవం దక్కుతోందని అత్తయ్యకి కళ్లు చెమర్చాయి. పెద్దగారు కంచు గొంతుతో “ఆమెన్” అన్నారు. ఆ వెంటనే దొరబాబు మెడ చాచి గుళగుళగుళమని అంతకంటే గట్టిగా అన్నాడు.

అందరూ కళ్లు తెరిచారు. అప్పటికే వంటాయన తాడు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎలా వెళ్లానో తెలియదు, వెళ్లి వాడికీ తాడుకీ మధ్య నిలబడ్డాను.

“వీల్లేదండి. ఆయన్ని కొయ్యడానికి వీల్లేదు. ఆయన మాతోపాటు సెలవులకి వచ్చారండి.”

“కోడి సెలవులకి రావడమేంటయ్యా?” అన్నారు పెద్దగారు.

“మిమ్మల్ని అడిగే తెచ్చామండి. తీసుకురమ్మన్నారు.”

అప్పుడు అర్థమైంది అత్తయ్యకి. వచ్చి దొరబాబుని రెండు చేతులా పట్టుకుని నా పక్కన నిలబడింది. పెద్దగారి మొహం కందిపోయింది. పిలిచినవాళ్ల ముందు ఆయన పరువు నా చేతిలో, మా అత్తయ్య ప్రాణం ఆయన చేతిలో. చివరికి ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నారు:

“మనతోపాటు ఆమెన్ అన్నవాణ్ణి ఎలా తింటామండీ?”

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దగారు దొరబాబు వైపు అనుమానంగా చూసి, పరీక్షించడానికన్నట్టు “హల్లెలూయా” అన్నారు. వాడు మళ్లీ గుళగుళమన్నాడు. ఇక ఆ వరండా ఆగలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దగారే. తాడు ఆయనే తీసుకుని కొల్లేట్లోకి విసిరేశారు. షావుకారు గారి భార్య గుమ్మంలోంచి, మా దగ్గర పులిహోర సరుకంతా ఉంది, ఎంతమందికైనా కలిపేస్తాను అన్నారు. నూరిన మసాలా చెరువు చేపలకి పట్టించారు. పులిహోర వైపు, చేపల వైపు తేడా లేకుండా వరండా అంతా బంతులుగా కూర్చుని తిన్నాం. దొరబాబు షావుకారు గారి గుమ్మంలోకే వెళ్లి ఆవిడ చేతిలోంచి నానిన శనగలు తిన్నాడు.

ఆదివారం పొద్దున్నే వాడితో గట్టు మీద షికారుకి బయల్దేరాను. చేపల బుట్టలవాళ్లు ఆగి చూస్తుంటే ఇద్దరం రొమ్ము విరుచుకుని నడిచాం. ఎవరి రొమ్ము ఎక్కువ ముందుకొచ్చిందో చెప్పడం కష్టమని అత్తయ్య తర్వాత చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వేది. ఇప్పుడు నాకు ముందుకొచ్చేది పొట్టే. కాదు, కూడదు అనడం ఉద్యోగం నేర్పింది, రోజుకి ఎన్నిసార్లంటానో. అయినా వాటిలో ఒక్కటీ ఆ రోజు అన్నంత బాగా అనలేకపోయాను. సన్నగా, వదులు చొక్కాలో, టర్కీ కోడి పక్కన రాజులా నడిచిపోతున్న ఆ కుర్రాడు ఎక్కడైనా కనిపిస్తే పిలిచి భుజం తట్టాలనుంటుంది.