మక్తల్‌లో నీళ్ల లారీని ఆపిన వేసవి

1986 మార్చిలో నన్ను జిల్లా వర్క్‌షాపు నుంచి మక్తల్ సబ్‌డివిజన్‌కు ఫోర్‌మన్‌గా వేశారు. బోరు యంత్రాలు, చేతిపంపులు, పల్లెలకు తాగునీళ్లు మోసే రెండు ట్యాంకరు లారీలు నా చేతికింద ఉండేవి. నాకు సహాయంగా ఇద్దరు ఫిట్టర్లు, నా పైన డిప్యూటీ ఇంజనీరు. అంతకుముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. నేను చేరేనాటికే చుట్టుపక్కల బోర్లు నీళ్లకు బదులు గాలి కక్కుతున్నాయి.

రెండు లారీల్లో ఒకటి కొంచెం కొత్తది. రెండోది ముక్కులాగా ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ ఉన్న పాతకాలపు బండి. దాని డ్రైవరు ఖాజా మియా, మక్తల్ మనిషే, యాభై దాటినవాడు. గుట్టల అవతల, రోడ్డు ఆగిపోయేచోట ఒక ఊరుంది. పేరు రాయను. ఆ ఊరికి నీళ్లంటే ఖాజా బండే.

ఏప్రిల్‌లో ఒకరోజు ఖాజా బండిని నేరుగా మా రిపేరు షెడ్డులోకి తెచ్చి, "గుట్ట ఎక్కంగనే గరమైతాంది సాబ్. ముందట టకటక సప్పుడొస్తాంది" అన్నాడు.

ఇంజను వేడెక్కితే చూడాల్సినవి వరుసగా ఉంటాయి. రేడియేటరులో నీళ్లు, బెల్టు బిగువు, నీళ్ల పంపు బేరింగు. అవన్నీ బాగానే ఉన్నాయి. మిగిలింది ఫ్యాను. రేడియేటరు వెనక తిరుగుతూ దానిగుండా గాలిని లాగి నీళ్లను చల్లబరిచేది అదే. ఇనుప రేకు రెక్కలు ఆరు, నడుమ ఒక దళసరి బిళ్లకు రివిట్లతో బిగించి ఉంటాయి. ఫ్యాను విప్పించి, మడ్డి తుడిపించి, రెక్కల మొదళ్లకు కిరసనాయిలు పూశాను. కాసేపయ్యాక పొడిగా తుడిచి, పైన సుద్దముక్క రుద్దాను. ఇనుములో చీలిక ఉంటే, లోపలికి దిగిన కిరసనాయిలు మెల్లగా బయటికొచ్చి తెల్లటి సుద్ద మీద గీతలా కనబడుతుంది. రెండు రెక్కల దగ్గర గీతలు తేలాయి.

"వెల్డింగ్ కొట్టిద్దాం సాబ్. కొత్తది వచ్చేదాక నడుస్తది" అన్నాడు ఖాజా.

వద్దన్నాను. పలచటి రేకుకు వెల్డింగు పెడితే అతుకు పక్కనే ఇనుము పెళుసవుతుంది, ఒకవైపు బరువు పెరిగి ఫ్యాను ఊగుతుంది. చీలిన రెక్కలను కోసేసి మిగతావాటితో నడిపితే, నిండు ట్యాంకుతో ఆ గుట్ట ఎక్కేలోగా ఇంజను మరిగిపోతుంది. పైగా మిగతా రెక్కల వయసూ అంతే. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. బండి వేడెక్కినప్పుడల్లా ఖాజా ఇంజను ఆపకుండానే బానెట్ ఎత్తి, ఫ్యాను మీదికి వంగి నీళ్లు పోసేవాడు. అప్పుడు రెక్క ఊడితే తగిలేది అతని గొంతుకే.

లారీ నడపరాదని రాసి డిప్యూటీ ఇంజనీరుకు పంపాను. ఆయనే షెడ్డుకు వచ్చారు. ఆ ఊరికి ఏం సమాధానం చెప్పాలని కోపంగా అడిగారు. ఫ్యానును బల్లకున్న ఇనుప పట్టుడులో బిగించి, చీలిన రెక్క కొసను సుత్తితో మెల్లగా కొట్టాను. మొదలు దగ్గర విరిగి కింద పడింది. ఆయన దాన్ని తీసి, తిప్పి చూసి, స్టోరుకు రాస్తానని వెళ్లిపోయారు.

జిల్లా స్టోరులో అంత పాత బండికి ఫ్యాను లేదన్నారు. ఖాజా బస్సెక్కి హైదరాబాదు పాత ఇనుము బజారుకు పోయాడు. కొత్త ట్యాంకరును గుట్టల అవతలి ఊరికి ఒక్క ట్రిప్పు మళ్లించబోతే, అది రోజూ పోయే ఊళ్లవాళ్లు రోడ్డు మీద అడ్డం కూర్చుని కదలనివ్వలేదు. ఎడ్లబండ్ల మీద డ్రమ్ములు పంపాం. దారి పొడుగునా ఎడ్లకూ దూపే, వాటికీ ఆ నీళ్లే తాపాల్సి వచ్చింది. మిగిలినవి ఒక వాడకు కూడా సరిపోలేదు.

ఆ ఊరి నుంచి నర్సయ్య అనే నేతపని ఆయన సైకిలు మీద షెడ్డుకు వచ్చాడు. బానెట్ తెరిచి ఉన్న లారీని చూస్తూ నిలబడ్డాడు.

"సార్, మోటబాయిల నీళ్లు పచ్చగైనయి. గవ్వే తాగుతున్నం" అన్నాడు.

కాచి తాగమని చెప్పాను.

"కట్టెలు యాడున్నయి సార్?" అని అడిగి సైకిలు తిప్పుకున్నాడు.

ఖాజా ఒక ఫ్యాను మోసుకొచ్చాడు. రెక్కలు గట్టివే కానీ నడిమి రంధ్రం చిన్నది. మహబూబ్‌నగర్‌లో లేతు మీద దాన్ని పెద్దది చేయించి, తూకం సరిచూసి బిగించేసరికి ఇంకొంత ఆలస్యమైంది. ఈలోపు ఆ ఊళ్లో వాంతులు, బేదులు మొదలయ్యాయి. నర్సయ్య భార్య లక్ష్మమ్మను ఎడ్లబండిలో మక్తల్ దవాఖానకు తెస్తుంటే దారిలోనే పోయింది.

బాగైన లారీలో ఖాజాతో పాటు నేనూ వెళ్లాను. గుట్ట ఎక్కినా బండి వేడెక్కలేదు. ఊళ్లో జనం బిందెలతో చుట్టుముట్టారు. నర్సయ్య రాలేదు. ఇంటికి వెళితే మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని ఉత్తగా కూర్చుని ఉన్నాడు. లారీని ఎందుకు ఆపాల్సి వచ్చిందో చెప్పాను. చీలిక గురించి, డ్రైవరు ప్రాణం గురించి చెప్పాను. అంతా విన్నాడు.

"గవన్ని నాకెర్క లేదు సార్. నీళ్లు రాలె. గంతే" అన్నాడు.

ఖాజా గడపవతల నిలబడి ఆ మాట విన్నాడు. తిరిగొచ్చే దారిలో మక్తల్ దగ్గర పడ్డాక, "నువ్వు ఆపకుంటే నేను పోతుంటి సాబ్" అన్నాడు. నీళ్లు తీసుకుని పోయేవాడినన్నాడో, ప్రాణమే పోయేదన్నాడో నేను అడగలేదు.

ఆ ఫ్యానుతో బండిని పంపకపోవడం సరైన పనేనని ఈనాటికీ అంటాను. అలాంటి రెక్క మళ్లీ చూసినా ఆపేస్తాను. కానీ ఆనాడు నేను లారీ నడపరాదని రాసి పైకి పంపాను, పైవారు స్టోరుకు రాశారు, స్టోరువాళ్లు లేదన్నారు. ఎవరి పని వారు నియమం ప్రకారమే చేశాం. ఊరు మాత్రం ఎవరి పనిలోనూ లేకుండా పోయింది.

తర్వాత కొల్లాపూర్‌లో, హుజూర్‌నగర్‌లో పనిచేసినప్పుడు ఎండాకాలానికి ముందే ప్రతి లారీ ఫ్యానూ విప్పించి సుద్ద రుద్ది చూసేవాణ్ణి. ఏ బండినైనా ఆపాల్సి వస్తే, పక్క సబ్‌డివిజన్ నుంచి బదులు బండి బయలుదేరిందని తెలిసేదాకా వెంటపడేవాణ్ణి. బదులు దొరకని రోజున ఆఫీసులో కూర్చోక, ఎడ్లబండ్లతో, డ్రమ్ములతో నేనే పోయేవాణ్ణి. చెడిన బండిని ఆపడం ఫోర్‌మన్ పని. అది మోసేదాన్ని ఆ రోజు ఎవరు మోస్తారో తేల్చడమూ అతని పనే.