భానుమతి గారి కుడి భుజం

2005 ఫిబ్రవరిలో అంకయ్య గారికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఆయనకు వ్యాయామాలు చేయించడానికి వారానికి మూడు రోజులు ఇందిరాపురంలో వాళ్ల ఫ్లాటుకు వెళ్లేదాన్ని. నేను ఫిజియోథెరపిస్టుని. ఆయన సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. భార్య భానుమతి గారిది చీరాల. పిల్లలు లేరు.

మొదట్లో ఆయన్ని చూసుకోవడానికి ఏజెన్సీ నుంచి ఒక మనిషి వచ్చేవాడు. ఒకరోజు పొద్దున ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టబోయి, పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగాడు. పక్షవాతం వచ్చిన భుజంలో కండరాలకు పట్టుండదు. ఎముకను కీలులో నిలిపి ఉంచేవి ఆ కండరాలే కాబట్టి, అలా లాగితే అది జారుతుంది. మూడు రోజులు ఆయన పడిన బాధ నేను చూశాను. భానుమతి గారు ఆ మనిషిని మాన్పించేశారు. వేరే వాళ్లను పెట్టుకోమని ఎంత చెప్పినా వినలేదు. ఆయనకూ పరాయివాళ్లు బాత్రూముకు తీసుకెళ్లడం సిగ్గుగానే ఉండేది.

చేసేది లేక, ఎలా లేపాలో ఆవిడకే నేర్పాను. ఆయన నడుముకు బెల్టు కట్టి, తన మోకాళ్లు వంచి, దగ్గరగా పట్టుకుని లేపాలి. ఆవిడ చక్కగా నేర్చుకున్నారు. కానీ ఆయన ఎనభై కిలోల మనిషి. ఆవిడ నలభై ఐదు. రోజుకు ఏడెనిమిది సార్లు లేపాలి.

అక్టోబరులో ఒకరోజు బాత్రూములో ఆయన కాలు జారింది. ఆవిడ కుడి చేత్తో గబుక్కున పట్టుకున్నారు. ఆయన పడలేదు. ఆవిడ భుజంలో మాత్రం ఏదో పుటుక్కుమంది. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. డిసెంబరులో ఆవిడ జుట్టు మెడ దాకా కత్తిరించుకుని కనిపిస్తే ఎందుకని అడిగాను. రాలిపోతోందన్నారు. నమ్మేశాను. వారానికి మూడు రోజులు ఆ ఇంట్లో ఒక భుజాన్ని అంత జాగ్రత్తగా చూస్తూ రెండో భుజం సంగతి గమనించని దాన్ని నేను.

జనవరిలో వంటింట్లోకి వెళ్తే అలమరలో ఉండాల్సిన డబ్బాలన్నీ గట్టు మీద ఉన్నాయి. ఆవిడను కుడి చెయ్యి ఎత్తమన్నాను. ఛాతీ దాకా వచ్చి ఆగింది. నేను పట్టుకుని ఎత్తితే పైదాకా లేచింది, వదలగానే వాలిపోయింది. బిగుసుకుపోయిన భుజమైతే నేను ఎత్తినా లేవదు. ఇది కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు తెగడం. ఆ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారా అంటే, అక్టోబరు నుంచీ లేదన్నారు.

స్కానింగులో తెగినట్టు తేలింది. తొందరగా ఆపరేషన్ చేయించుకోవాలని, ఆరు వారాలు చేతికి పట్టీ వేసుకోవాలని, ఆరు నెలలు బరువులు ఎత్తకూడదని డాక్టరు చెప్పారు. భానుమతి గారు నొప్పికి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చేశారు. ఇంటికొచ్చి డాక్టరు మాటలన్నీ నాకు చెప్పి, ఎండాకాలం వెళ్లనీ అన్నారు. పక్క గదిలోంచి అంకయ్య గారు ఇదంతా విన్నారు.

మే నెలలో ఆయన నాలుక ఎండిపోయి ఉండటం చూశాను. మజ్జిగ గ్లాసు అలాగే ఉంది. భానుమతి గారు కూరల వాడి కోసం కిందికి వెళ్లినప్పుడు, నీళ్లు ఎందుకు తాగడం లేదని అడిగాను. ఆయన మాట ముద్దగా వచ్చేది.

"తాగితే లేపాలిగా," అన్నారు. "దానికి చెప్పకమ్మా," అని కూడా అన్నారు.

ఆవిడ పైకి రాగానే నేను చెప్పేశాను. ఆవిడ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నారు.

"నా భుజం పోతే పోయింది. మీరు తాగండి."

ఆయన తాగారు. సగం మజ్జిగ గడ్డం మీదుగా కారిపోయింది.

అప్పటికే ఆలస్యమైంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆపైన జ్వరం. ఆసుపత్రిలో చేర్చిన తొమ్మిదో రోజున, జూన్ మొదట్లో, ఆయన పోయారు.

ఆగస్టులో నేనే ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తెగిన స్నాయువు వెనక్కి ముడుచుకుపోయిందని, కండరం కొవ్వుగా మారిపోయిందని, ఇప్పుడు కుట్టడానికి వీల్లేదని ఆయన చెప్పారు. మిగిలిన కండరాలకు బలం వచ్చేలా వ్యాయామాలు చేయించమన్నారు. అలా మళ్లీ వారానికి మూడు రోజులు ఆ ఇంటికే వెళ్లాను.

ఒకరోజు గోడకు వేళ్లు ఆనించి పైకి పాకిస్తూ ఆవిడ అడిగారు. "జనవరిలోనే చేయించుకుని ఉంటే బాగయ్యేదా?"

అవునన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఆయన కూడా ఉండేవారా?"

నేను ఆవిడ మోచెయ్యి కింద చెయ్యి పెట్టాను. ఆవిడ తిరిగి చూడలేదు. వేళ్లు ఇంకో రెండంగుళాలు పైకి జరిపారు.

డిసెంబరుకు చెయ్యి నుదుటి దాకా వచ్చింది. అంతకు మించి రాదని ఇద్దరికీ తెలిసింది. నేను వెళ్లడం మానేశాను.